బర్డీకి చెప్పవలసిన పన్నెండు వాక్యాలు

"పన్నెండు," అన్నాడాయన.

"పదకొండే ఉన్నాయి," అన్నాను. టైప్‌రైటర్‌లోంచి కాగితం తీసి, ఒక్కో వాక్యం పక్కన పెన్సిల్‌తో చుక్క పెట్టి చూపించాను.

"నేను చెప్పినవి పన్నెండు."

మధ్యాహ్నం రెండు దాటింది. మాది సాయంత్రం పత్రిక. ఆ వేళకి ఎడిషన్ ప్రెస్సుకి వెళ్ళిపోయి, ఆఫీసు పెళ్ళివారు ఖాళీ చేసిన విడిదిల్లులా ఉంటుంది. మర్నాడు పొద్దున ఆయన గొంతుకి ఆపరేషన్. స్వరపేటిక తీసేస్తారు. మాట మళ్ళీ వచ్చే ఆశ పెట్టుకోవద్దని డాక్టర్ ముందే చెప్పాడు. అందుకని, ముప్పై ఎనిమిదేళ్ళుగా తన మనసులో మోస్తున్న ఒక సందేశాన్ని నాకు అప్పజెప్పడానికి వచ్చాడు. రెండో ప్రపంచ యుద్ధంలో తనతో పాటు ఖైదీగా ఉండి చనిపోయిన ఒక కుర్రాడు, బర్డీ అనే మనిషికి చెప్పమన్న మాటలవి.

ఆయన చెప్తుంటే నేను టైప్ చేశాను. చివరి వాక్యం అంతకుముందు నాలుగోదిగా వచ్చిన వాక్యమే. అక్షరం తేడా లేదు. ఒకసారి వచ్చింది కదా అని రెండోసారి టైప్ చెయ్యలేదు. కాపీ, అంటే అచ్చుకి వెళ్ళే మేటరు, ఎక్కువైతే కింది నుంచి కోయడం విజయవాడలో పదేళ్ళు, ఇక్కడ ఐదేళ్ళు నేను చేసిన పని. ఆలోచించి చేసింది కూడా కాదు, వేళ్ళు వాటంతటవే ఆగిపోయాయి.

ఆయనకి కోపం వస్తే బాగుండేది. రాలేదు. బల్ల అంచు పట్టుకుని నన్ను చాలాసేపు చూశాడు. పసిపిల్లని ఎవరి చేతికిద్దామా అని చూసేవాళ్ళ చూపు అది.

"ఇంకో కాగితం పెట్టు, డెస్క్," అన్నాడు.

నన్ను ఆయన ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు. కాపీ దిద్దే బల్ల పేరుతో డెస్క్ అనేవాడు. నేనూ ఇక్కడ ఆయన పేరు రాయడం లేదు. పేరు ఉంటే జనం పేరే చదువుతారు అన్నది ఆయన మాట.

అమెరికాలో, ఇల్లినాయ్ రాష్ట్రంలో అరోరా అనే ఊరు మాది. ఫాక్స్ నది మధ్యలో ఒక లంక, ఆ లంక మీద డౌన్‌టౌన్. గోదావరి లంకలు చూసిన కళ్ళకి లంక మీద బ్యాంకులూ సినిమా హాలూ ఉండటం మొదట్లో తమాషాగా తోచేది. మా ఆవిడ సరోజకి ఇక్కడి ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వస్తే ఆవిడ వెనక సూట్‌కేసు పట్టుకుని వచ్చినవాణ్ణి నేను. డెబ్భైల చివర్లో ఊళ్ళో తెలుగువాళ్ళం వేళ్ళ మీద లెక్కపెట్టేటంత మందిమి. స్థానిక పత్రికలో కాపీ దిద్దే పని దొరకడం నా అదృష్టం.

చేరిన రెండో వారం ఆయన్ని చూశాను. ఒంటి మీద విందులకి వేసుకునే పాత నల్ల టక్సీడో కోటు, కాళ్ళకి కాన్వాసు బూట్లు. ఆ కోటు ఒక బ్యాండు వాయించేవాడితో పాటు శవపేటికలోకి పోవలసిందనీ, చివరి నిమిషంలో వాడి భార్య మనసు మార్చుకుందనీ చెప్పేవాడు. నిజమో కాదో తెలియదు. మొహం మీద మాత్రం నవ్వు ఉండేది కాదు.

మా పత్రికకి ఆయన వారానికో కాలమ్ ఇచ్చేవాడు. ఊళ్ళో కాఫీ హోటళ్ళ గురించి, రైలు వర్క్‌షాపులో పనిచేసి రిటైరైనవాళ్ళ గురించి, వంతెన మీద చేపలు పట్టేవాళ్ళ గురించి. రాసి తెచ్చేవాడు కాదు. వచ్చీ రాగానే నా బల్లకీ కిటికీకీ మధ్య ఉన్న రెండు కుర్చీలు పక్కకి జరిపి నడక మొదలుపెట్టేవాడు. నిలువు పద్నాలుగు అడుగులు, అడ్డం తొమ్మిది. ఎదురుగా గోడ ఉన్నా లేకపోయినా పద్నాలుగో అడుగు దగ్గర తిరిగిపోయేవాడు. ఒక రౌండు పూర్తయ్యేసరికి ఒక వాక్యం వచ్చేది, కామాలతో ఫుల్‌స్టాపులతో సహా. నేను టైప్ చేసేవాణ్ణి. ఆఫీసులో మిగతావాళ్ళు ఆ పద్నాలుగు, తొమ్మిది అడుగుల జాగాలోకి కాలు పెట్టేవారు కాదు. కాఫీ తెచ్చుకోవడానికి కూడా చుట్టూ తిరిగి వెళ్ళేవారు.

ఆఫీసుకి కంప్యూటర్ తెరలు వచ్చాక ఒకసారి నేను ఆయన కాలమ్ వాటిలో కొడతానంటే, తెర ముందు వంగి చాలాసేపు చూశాడు.

"ఇది కాగితం కాదు, దీపం. దీపం మీద రాయకూడదు," అన్నాడు. మూలన పడేసిన టైప్‌రైటర్ దుమ్ము దులిపి ఆయన కోసమే ఉంచాను.

ఒక వేసవిలో ఏడాది కిందటి కాలమ్ మళ్ళీ వెయ్యవలసి వచ్చి, కాపీ కనిపించలేదు. ఫోన్ చేశాను. మర్నాడొచ్చి కుర్చీలు జరిపి, నడుస్తూ, మొత్తం చెప్పాడు. తర్వాత పాత పత్రిక దొరికితే పక్కపక్కన పెట్టి చూశాను. ఒకే ఒక్క చోట తేడా. నేను అప్పట్లో కోసేసిన చిన్న మాట ఆయన నోట్లో మళ్ళీ తన చోటికి వచ్చి కూర్చుంది.

ఆ రోజు ఆయనకి మన అవధానాల గురించి చెప్పాను. ఎనిమిది మంది ఎనిమిది వైపుల నుంచి అడుగుతుంటే పద్యాలు కడుతూ, చివర్లో అన్నీ వరసగా ఒప్పజెప్పే ధారణ గురించి చెప్పాను. ఆయన నడక ఆపేసి విన్నాడు.

"తప్పు వస్తే?"

"ఏముంది, ఊళ్ళో నాలుగు రోజులు చెప్పుకుంటారు."

"అంతేనా," అన్నాడు. "అదృష్టవంతులు."

ఆ మాటలో ఏదో ఉందని నాకు అప్పుడు తట్టలేదు.

సోఫాలు బాగుచేసే దుకాణం మీద ఒకే గది ఆయనది. తలుపుకి తాళం ఊడదీయించి ఆ కన్నంలో పెన్సిల్ దోపి పెట్టాడు. ఒకసారి ఎవరో తాగి వచ్చి ఆయన మంచం మీద పడి నిద్రపోతే, లేచేదాకా మెట్ల మీద కూర్చుని, తర్వాత కాఫీ తాగించి పంపాడు. ఇళ్ళకి రంగులేశాడు, గిన్నెలు కడిగాడు, షికాగోలో ఒక క్లబ్బులో పియానో తుడిచే పని కూడా చేశానని చెప్పేవాడు. ముగ్గురు మాజీ భార్యలు. ముగ్గురూ పుట్టినరోజుకి తలో కేకూ పంపేవారు. మూడు కేకులూ మా ఆఫీసుకే వచ్చేవి. సన్నటి పుస్తకాలు రెండు అచ్చయ్యాయి. అవి ఆయన దగ్గర కూడా లేవు. లైబ్రరీలో తెచ్చి చదివాను. ఎంతో బాగున్నాయి. ఖైదీగా ఏడాదిన్నర గడిపిన మనిషి రాసిన ఆ రెండు పుస్తకాల్లోనూ యుద్ధం గురించి ఒక్క ముక్క లేదు.

మా ఇంటికి భోజనానికి వచ్చిన మొదటిసారి, తినడం అయ్యాక కూడా ఆయన బల్ల దగ్గర్నుంచి లేవలేదు.

"ఈ వంకాయ ఎలా వండారో చెప్తారా మేడమ్?"

"రెసిపీ కావాలా? రాసిస్తానుండండి," అంది సరోజ.

"రాయొద్దు. చెప్పండి."

ఆయనకి గుడ్డు ఉడకబెట్టడం కూడా రాదు. శిబిరంలో ఆకలికి తాళలేక ఖైదీలు ఒకరికొకరు తమ ఇళ్ళలోని వంటలు చెప్పుకునేవారట. ఆ వినే అలవాటు ఆకలి పోయాక కూడా పోలేదు. సరోజ గుత్తివంకాయ కూర మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. మధ్యలో ఫోన్ మోగింది. నా వైపు తిరిగి తెలుగులో ఒక మాట అని, మళ్ళీ ఇంగ్లీషులో కొనసాగించింది.

నెల తర్వాత మళ్ళీ వచ్చినప్పుడు, అడగకుండానే ఆ కూర అప్పజెప్పాడు. వంకాయని నాలుగు చీలికలుగా కొయ్యాలి, తొడిమ దగ్గర వదిలెయ్యాలి, ఉప్పు నీళ్ళలో వెయ్యాలి, శనగపప్పు, ధనియాలు దోరగా వేయించాలి. అక్కడిదాకా ఇంగ్లీషులో వచ్చి, ఒక్కసారిగా అచ్చ తెలుగులో, సరోజ విసుగుతో సహా, "ఏవండీ ఆ ఫోనెవరో చూడండి, హాస్పిటల్ వాళ్ళయితే నేను లేనని చెప్పండి," అని, మళ్ళీ ఇంగ్లీషులోకి వెళ్ళి మిరపకాయలు వేయించాడు. ఆ శబ్దాలకి అర్థం ఆయనకి తెలియదు.

సరోజ నవ్వి నవ్వి కుర్చీలో కూలబడింది. "ఫోన్ కూడా కూరలో వేసేశారా?"

"అది తీసేస్తే మీరు చెప్పిన వంకాయ కాదు మేడమ్," అన్నాడాయన. ఆయన నవ్వలేదు.

ఖైదు సంగతి నేనే కదిపాను. నేను కదిపిన కారణం అంత గొప్పది కాదు. మా ఎడిటర్‌కి ఆదివారం సంచికకి ఏదో ఒక సీరియల్ కావాలి. ఆయన జర్మనీలో యుద్ధఖైదీగా ఉన్నాడని, అక్కడ చనిపోయినవాళ్ళ మాటలు తెచ్చి వాళ్ళ ఇళ్ళలో చెప్పాడని ఊళ్ళో అందరికీ లీలగా తెలుసు. అవి రాస్తే ఎలా ఉంటుందని వంతెన మీద నడుస్తుండగా అడిగాను.

"పక్కింటివాళ్ళ ఉత్తరాలు చింపి చదువుతావా, డెస్క్?"

"లేదు."

"మరి నన్ను ఊరందరికీ చదివి వినిపించమంటావేం?"

కాసేపు కిందికి నీళ్ళలోకి చూసి, ఆయనే చెప్పాడు. చెప్పినంతసేపూ నడవలేదు. ఆయన నిలబడి మాట్లాడటం చూడటం నాకు అదే మొదటిసారి.

శిబిరంలో ఎవరో దయగలవాళ్ళు పంపిన నోటు పుస్తకం ఒకటి ఆయన చేతికొచ్చింది. ఏదో ఒకటి రాస్తుండే మనిషి కాబట్టి, తోటి ఖైదీలు వచ్చి, మేం రాకపోతే మావాళ్ళకి ఇలా చెప్పు అని రాయించుకునేవారు. పదమూడు మంది రాయించారు. చివరి చలికాలంలో ఖైదీలందర్నీ మంచులో పడమటికి నడిపించారు. ఆ నడకలో బొగ్గుగనుల ఊరినుంచి వచ్చిన ఒక కుర్రాడు జ్వరంతో పడిపోయాడు. మధ్యాహ్నం ఒక కప్పులేని పశువుల కొట్టంలో ఆపారు. పుల్లలన్నీ తడి. అందరి దగ్గరా కలిపి ఎండుగా ఉన్నది ఆ పుస్తకం ఒక్కటే.

"ఒక్కో పేజీ మూడుసార్లు పైకి చదివాను," అన్నాడు. "చదివి, చింపి, మంటలో పెట్టాను. మళ్ళీ తర్వాతది. వాడు పడుకుని వింటున్నాడు. పుస్తకమంతా అయ్యేసరికి ఒక డబ్బాడు మంచు కరిగి నీళ్ళు కాగాయి. వాడు సగం తాగి, సగం నాకిచ్చాడు."

ఆ తర్వాత ఆ కుర్రాడు తన మాటలు చెప్పాడు. బర్డీకి చెప్పమన్నాడు. బర్డీ ఎవరని అడిగే వ్యవధి లేకపోయింది. సాయంత్రం మళ్ళీ నడక మొదలయ్యేటప్పటికి అతను లేడు. కాగితం ఎక్కని సందేశం అతనిదొక్కటే.

యుద్ధం అయ్యాక ఆయన నాలుగేళ్ళు దేశమంతా తిరిగాడు. బస్సుల్లో, దారిన పోయే లారీల్లో, మధ్య మధ్య గిన్నెలు కడుగుతూ. పదమూడు మందిలో బతికి వచ్చినవాళ్ళని కూడా వెతికి, నీ మాటలు నీకిచ్చేస్తున్నాను అని వాళ్ళ ఎదుటే ఒప్పజెప్పాడట. తిరిగి రానివాళ్ళ ఇళ్ళకి వెళ్ళి, గుమ్మంలో నిలబడి, ఒక్కసారి చెప్పి వచ్చేసేవాడు. చెప్పిన తర్వాత మళ్ళీ ఆ మాటలు ఎవరి దగ్గరా ఎత్తలేదు. కథలో వాడుకోలేదు. తాగినప్పుడు కూడా జారలేదు.

"అవి మర్చిపోయారా?" అని అడిగాను.

"ఒక్కటీ మర్చిపోలేదు. కానీ నావి కావు కదా."

నేను ఊళ్ళోవాళ్ళ కష్టాలకి హెడ్డింగులు పెట్టి బతికినవాణ్ణి. ఎంత పెద్ద దుఃఖమైనా రెండు కాలమ్‌ల వెడల్పులో ఎలా పడుతుందా అని చూసే కన్ను నాది. ఏ రచయితకీ దొరకని సరుకు చేతిలో పెట్టుకుని, దాని పక్కనుంచి నడిచి వెళ్ళి, చేపలు పట్టే ముసలివాళ్ళ గురించి రాసుకుంటున్న ఈ మనిషి పక్కన ఆ వంతెన మీద నిలబడటానికి నాకు బెరుకు కలిగింది. ఆ బెరుకు తర్వాత కూడా పోలేదు.

ఏటా అక్టోబరులో ఆయన ఆ బొగ్గుగనుల ఊరికి బస్సులో వెళ్ళి వచ్చేవాడు. బర్డీ అంటే పిట్ట, ఆడవాళ్ళని ముద్దుగా పిలిచే పేరు కాబట్టి, ఆ కుర్రాడు ఎరిగిన ఆడవాళ్ళు ముగ్గురని మొదట్లోనే తేల్చుకున్నాడు. అక్క, అతను అద్దెకున్న ఇంటావిడ, బేకరీలో పనిచేసిన అమ్మాయి. "మా తమ్ముడు నన్ను పేరుతో కూడా పిలిచేవాడు కాదు, ఏయ్ అనేవాడు," అంది అక్క. ఇంటావిడ పకపకా నవ్వింది. బేకరీ అమ్మాయి కూడా కాదనే అంది. ముగ్గురికీ చెప్పేస్తే పోయేది కదా అని సరోజ ఒకసారి అడిగింది. "ముగ్గురికి చెప్తే ఇద్దరి దగ్గర అబద్ధమాడినట్టు మేడమ్," అన్నాడు.

ఒక ఏడు నేనే కారులో తీసుకెళ్ళాను. ఐదు గంటల డ్రైవ్, దారి పొడుగునా కోసేసిన మొక్కజొన్న చేలు. అప్పటికి అక్కా ఇంటావిడా పోయారు. మిగిలింది బేకరీ ఆవిడ. అరవైకి దగ్గర పడిన మనిషి. గనిలో పనిచేసి రిటైరైన భర్త ముందు గదిలో బేస్‌బాల్ చూస్తూ దగ్గుతున్నాడు. ఆవిడ మమ్మల్ని చుట్టాల్లా కూర్చోబెట్టి కాఫీ పోసింది. కాఫీ అయ్యాక ఆయన లేచి నిలబడి అడిగాడు.

"మిమ్మల్ని ఎవరైనా బర్డీ అని పిలిచేవారా?"

"లేదండీ. నన్నెవరూ అలా పిలవలేదు."

"థాంక్యూ."

"మళ్ళీ ఏడాది వస్తారుగా?"

"వస్తాను."

కారెక్కాక నేను ఉండబట్టలేకపోయాను. "ఆవిడే అయ్యుంటుంది. పక్కన భర్త ఉంటే ఏమని చెప్తుంది?"

"ఆయన ఊళ్ళో లేనప్పుడు కూడా అడిగాను. ఒకసారి చర్చి బయట అడిగాను. కాదంది."

"అయినా చూపులో..."

"కాదన్నది ఆవిడ మాట, డెస్క్. నేను దిద్దకూడదు."

మరో రెండేళ్ళకి గొంతు బొంగురుపోవడం మొదలైంది. సిగరెట్లు ఎక్కువయ్యాయి అనుకున్నాడు. సరోజ పట్టుబట్టి ఆసుపత్రికి తీసుకెళితే సంగతి బయటపడింది.

అలా ఆ మధ్యాహ్నం నా బల్ల దగ్గరికి వచ్చాడు. రెండో కాగితం పెట్టాను. ఆయన మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు, నడుస్తూ, అప్పటికే గీరుకుపోయిన గొంతుతో. పన్నెండూ టైప్ చేశాను. అందులో ఏముందో నేను రాయను. తప్పు నాది కాబట్టి, రెండుసార్లు వచ్చిన ఆ ఒక్క వాక్యం మాత్రం చెప్పక తప్పదు. బర్డీ తెలుగు చదవదు కదా అని ధైర్యం. "నాకు చలిగా లేదు." నాలుగోది అదే, పన్నెండోదీ అదే.

"మొదటిసారి ఆ మాట అన్నప్పుడు వాడి పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి," అన్నాడు. "చివర అన్నప్పుడు కొట్టుకోవడం ఆగిపోయింది. నువ్వు తీసేసింది అది."

నేను తలెత్తలేకపోయాను.

"ఇది నీకు కాగితంగా ఇవ్వడానికి కాదు. నోటికి రావాలి. వచ్చాక తగలబెట్టాలి," అన్నాడు.

"నా జ్ఞాపకశక్తి మీకు తెలుసు. ఇంటి ఫోన్ నంబరు కూడా డైరీ చూసి చెప్తాను."

"వంకాయ కూర గుర్తుందా?"

"ఉంది."

"ఫోన్ సంగతి?"

"అదీ ఉంది."

"మరి ఇదీ ఉంటుంది."

ఆపరేషన్ అయ్యాక రోజూ ఆసుపత్రికి వెళ్ళి ఒప్పజెప్పేవాణ్ణి. ఆయన గొంతుకి కట్టు, గొట్టాలు. ఒక్కో వాక్యానికి మంచం కమ్మీ మీద వేలితో ఒకసారి తట్టేవాడు. తప్పు చెప్తే వేలు గాల్లోనే ఆగేది. ఏడో వాక్యంలో రెండు మాటలు నేను పదే పదే తారుమారు చేసేవాణ్ణి. పదకొండు రోజులు పట్టింది. పన్నెండో రోజు ఏ తప్పూ లేకుండా చెప్పాను. ఇంటికొచ్చాక ఆయన గదిలో, కాగితం మూడుసార్లు పైకి చదివించి, ఇనప బకెట్లో వేసి తనే అగ్గిపుల్ల గీశాడు. బూడిద అయ్యాక నా వైపు చూసి, చేతులు రెండూ దులుపుకుని చూపించాడు, ఇక నా దగ్గర లేదు అన్నట్టు. అంత తేలికపడిన మనిషిగా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు.

ఆ తర్వాత రెండేళ్ళు ఉన్నాడు. కాలమ్ ఆగిపోయింది. రాసివ్వమని ఎడిటర్ ఎంత అడిగినా నవ్వి తల అడ్డంగా ఊపేవాడు. వారానికోసారి మాత్రం ఆఫీసుకి వచ్చి, కుర్చీలు జరిపి, పద్నాలుగు, తొమ్మిది అడుగులు కాసేపు నడిచి వెళ్ళేవాడు. అక్టోబరులో మేమిద్దరం వెళ్ళేవాళ్ళం. ప్రశ్న నేను అడిగేవాణ్ణి, ఆయన పక్కన నిలబడేవాడు. జవాబు అదే.

ఒక మార్చి ఉదయం ఆసుపత్రిలో పోయాడు. ఆ రోజు డ్యూటీలో సరోజే ఉంది. "వేలితో కమ్మీ మీద తడుతూనే ఉన్నారండీ," అని చెప్పింది ఇంటికొచ్చి. "ఎన్నిసార్లు తట్టారో చూడలేదు. పక్క బెడ్ పేషెంట్ పిలిస్తే వెళ్ళాను. వచ్చేసరికి అయిపోయింది."

ముగ్గురు మాజీ భార్యలూ వచ్చారు. టక్సీడో కోటు ఆయనతోనే పంపించేశారు.

ఆ అక్టోబరులో సరోజా నేనూ వెళ్ళాం. ముందు గదిలో భర్త కుర్చీ ఖాళీగా ఉంది. ఆ వేసవిలో పోయాడట. ఆవిడ నా వెనక గుమ్మంలోకి చూసింది.

"ఆయన రాలేదేం?"

"పోయారు మేడమ్. మార్చిలో."

ఆవిడ కూర్చుంది. "ఇన్నేళ్ళూ వచ్చి ఒక్క ప్రశ్నే అడిగాడు. ఒంట్లో ఎలా ఉందని కూడా ఎప్పుడూ అడగలేదు," అంది. "మీరూ అదే అడుగుతారా?"

"అదే అడగాలి."

"కాఫీ తాగి అడగండి."

తాగాం. లేచి నిలబడి అడిగాను. ఆవిడ ఖాళీ కుర్చీ వైపు చూసి, కప్పులు సర్ది, "లేదండీ. నన్నెవరూ అలా పిలవలేదు," అంది.

కారు స్టార్ట్ చేశాక, స్వెటర్ భుజాన వేసుకుని మెట్లు దిగి వచ్చింది. అద్దం దించాను. తలుపు మీద చెయ్యి వేసి నిలబడింది.

"ఒకటి అడగొచ్చా? చివర్లో ఆ అబ్బాయికి బాగా చలేసిందా?"

నాలుగో వాక్యం నా నాలుక చివర ఉంది. దాని వెనకాల పన్నెండోది. ఆవిడ కాదని చెప్పి ఇంకా పది నిమిషాలు కాలేదు.

"నేను బర్డీ కోసం వచ్చాను మేడమ్," అన్నాను.

ఆవిడ తలూపింది. చెయ్యి తీసేసింది. "మళ్ళీ ఏడాది రండి," అంది.

హైవే ఎక్కాక సరోజ నా వైపు తిరిగింది.

"ఆవిడే."

"కాదంది కదా."

"ఏమండీ, ఆవిడ అడిగిందేమిటో విన్నారా?"

"మంచులో నడుస్తూ పోయాడని ఆ ఊళ్ళో అందరికీ తెలుసు. ఎవరైనా అడుగుతారు."

"నలభై ఏళ్ళ తర్వాత కారు దాకా వచ్చి ఎవరూ అడగరు," అంది సరోజ. "ఏదో ఒకటి చెప్పాల్సింది. ఆవిడ మొహం మీరు చూడలేదు, రోడ్డు చూస్తున్నారు."

"ఏదో ఒకటి చెప్పడానికి నావి కావు అవి."

"మీరూ ఆయనలాగే తయారయ్యారు," అని కిటికీ వైపు తిరిగింది. అంతకుమించిన మెప్పు నాకు ఇంతవరకు ఎవరూ ఇవ్వలేదు. కానీ సరోజ దాన్ని మెప్పుగా అనలేదు. ఆ కుర్రాడు చెప్పిన వాక్యం ఏమిటో సరోజకి కూడా ఇది చదివితేనే తెలుస్తుంది. చదివాక నాతో ఎన్నాళ్ళు మాట్లాడదో చెప్పలేను.

రోజూ పొద్దున గడ్డం గీసుకుంటూ పన్నెండు వాక్యాలూ ఒకసారి చెప్పుకుంటాను. ఏడో దానిలో తడబాటు పోయింది. పోయిన అక్టోబరులో కూడా వెళ్ళాను. ఆవిడ కర్ర పట్టుకుని వచ్చి తలుపు తీసింది. కాఫీ పోసింది. అడిగాను. కాదనే అంది. చలి సంగతి మళ్ళీ ఎత్తలేదు. బర్డీ ఎవరో నాకు తెలియదు.